బొట్టు లేని గేరు పెట్టె

మొదటి మాట. రోహిణి కార్తె వచ్చిన రోజు.

రాతపెట్టే, విను. నేను గొర్లె సన్యాసమ్మను. అడుగూరులో, కొండ ఎక్కే ఘాట్ రోడ్డు గేటుకు ఎదురు ఇల్లు. నాకు అక్షరం రాదు, అందుకే నీకు చెబుతున్నాను. నా మాటను నువ్వు పుస్తకాల మాటగా దిద్దుతావని తెలుసు. దిద్దుకో. ఎదుటివాళ్ళు నాతో అన్నదీ, నేను వాళ్ళతో అన్నదీ మాత్రం నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచు. ఘాట్ మండలి పెద్దలు దీన్ని వింటారు. చేసిన పనికి నేను సిగ్గుపడినట్టు ఎక్కడైనా రాశావంటే నిన్ను కుడితి తొట్టిలో వేస్తాను.

సంగతి ఇది. మా లారీ కొండ మీది పైవలసకు మట్టి మోస్తుంది. సముద్రం పైకి వచ్చి పల్లపు పొలాలన్నీ ఉప్పుకయ్యలు అయిపోయాక జనం కొండ ఎక్కి రాళ్ళతో మెట్లు కట్టుకున్నారు. మెట్లున్నాయి గానీ మన్ను లేదు. ఎండిపోయిన రిజర్వాయరు అడుగున ఒండ్రు ఉంది. దాన్ని పైకి చేర్చేది నేను. మృగశిర వానకు ముందు మెట్టు నిండితే ఆ ఇంటికి చోళ్ళు, అంటే రాగులు, పండుతాయి. నిండకపోతే వాన రాతి మీద పడి జారిపోతుంది, ఆ ఇంటివాళ్ళు ఇంకో ఏడాది మండలి గంజికి గిన్నెలు పట్టుకుని నిలబడాలి.

ఈ పొద్దున గేటు దగ్గర లారీ దానంతట అది ఆగిపోయింది. మా లారీ గేర్లు తానే మార్చుకునే రకం. ఆ మార్చే పెట్టెకు ఒక మెదడుంది. మెదడు అనుకున్నదాన్ని స్టీరింగు ముందున్న పలక పైకి వల్లిస్తుంది, పట్నం గొంతుతో.

"ఈ వాహనపు గేరు పెట్టె కొత్త నిబంధనకు సరిపోదు. సగం బరువుకు మాత్రమే అనుమతించబడినది."

గేటు అధికారి పారినాయుడు బయటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. బొబ్బిలి వైపు పిల్లాడు, మర్యాద తెలుసు.

"మలుపులో లారీ ఆగితే దాని బరువుకి కింద కొండ జారతంది అమ్మా. మొన్న రెండు లారీలు లోయలోకి పోనాయి గదా. ఆగకుండా ఎక్కే పెట్టెకే ఇకమీద నిండు లోడు. నీ పెట్టె మూడో మలుపులో ఏడెక్కిపోయి నిలబడిపోతంది."

అది నిజమే. ఎక్కేటప్పుడు మూడో గేరు వెయ్యాలా, రెండోది వెయ్యాలా తెలియక మా పెట్టె తన్నుకులాడుతుంది, నూనె కాగిపోతుంది, చల్లారేదాకా ఆగాలి.

"సగం లోడుతో తోల్తే వానలోపు సగం మెట్లే నిండుతాయి బాబూ. మిగతా సగం ఇళ్ళు ఎవలివో నువ్వు సెప్తావా?"

"నానేటి సెప్తాను. డిపోకి తోలుకెళ్ళి కొత్త పెట్టె ఏయించుకో."

"డిపోలో వరస ఎప్పటికొస్తాది?"

"వచ్చే ఏడు."

"ఈ ఏటి వాన కూడా వచ్చే ఏడు దాకా వరసలో నిలబడతాదేటి?"

ఆయన తల గోక్కున్నాడు. పోతూ పోతూ మెల్లగా అన్నాడు.

"ఇంట్లో మాత్రం ఇప్పకు అమ్మా. ఇంట్లో ఇప్పిన పెట్టెని ఘాట్ ఎక్కనివ్వరు. లారీనే ముక్కల మిల్లుకి తోలేస్తారు."

అందుకే పెద్దలారా, విప్పకముందే చెబుతున్నాను. దొంగచాటుగా విప్పిందని తర్వాత ఎవరూ అనకండి. రేపు విప్పుతాను. మా వాకిట్లో, పట్టపగలు.

రెండో మాట. పెట్టె దింపాము.

పైవలస నుంచి మా ఆడపడుచు గున్నమ్మ దిగి వచ్చింది. డిపోలో యంత్రాల ఇనుప చేతులు రాకముందు గేరు పెట్టెలు విప్పిన మనిషి. పని తెలుసు, నోరు అంతకంటే ఎక్కువ. వాకిట్లో మూడు ఇనుప గొట్టాలు ముక్కాలిలా నిలబెట్టి, గొలుసు కట్టి పెట్టెను దించాము. ఎర్రటి నూనె కారుతుంటే పట్టడానికి పెళ్ళిళ్ళ గుండిగ తెచ్చాను.

"ఇది పప్పుకి వాడే గుండిగ గదా వొదినా."

"ఈ పూట నుంచి కాదు."

"మా అన్నుంటే ఏటనీవోడో."

"మీ అన్నుంటే ఈ పాటికి గొలుసు పట్టుకునీవోడు. నువ్వు మాటలాపి బోల్టు పట్టు."

పెట్టె లోపల పళ్ళ చక్రాల కన్నా గుండ్రటి పలుచని ప్లేట్లే ఎక్కువ. ఒకటి నున్నని ఇనుపది, ఒకటి గరుకుది, మళ్ళీ ఇనుపది, అట్లు పేర్చినట్టు ఉంటాయి. నూనె ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటే గేరు పడుతుంది. మా మూడో గేరు ప్లేట్లు మాడిన అట్లలాగే ఉన్నాయి. గున్నమ్మ ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వాకిట్లోకి విసిరేసింది.

"ఇయ్యే ఏస్తే మళ్ళీ ఇదే గతి. దీనికి ఎడల్పు డ్రమ్ము కావాల. ప్లేట్లు ఎక్కువ పట్టాల. నూనె సల్లారడానికి బయట ఇంకో రేడియేటరుండాల. అప్పుడెక్కుతాది, ఆగకుండా."

"ఎక్కడ దొరుకుతాయి?"

"నీ మట్టిలోనే ఉన్నాయి."

రిజర్వాయరు అడుగున, ఆనకట్ట పక్కన, పాతకాలంలో మునిగిపోయిన మట్టి తవ్వే యంత్రం ఒకటి సగం పూడి ఉంది. దాన్ని చూస్తూనే ఇన్నేళ్ళు లోడు ఎత్తుకున్నాను. దాని గేరు పెట్టె మా కంపెనీదే, కాకపోతే పెద్దన్న. గట్టి నూనెలో మునిగి ఉండడం వల్ల లోపలికి తుప్పు ఎక్కలేదు. డ్రమ్మూ, ప్లేట్లూ దాంట్లోవే. రేడియేటరు పాడుపడిన ఐసు లారీది. దొంగిలించలేదు, అడిగి తెచ్చాను. అడిగినప్పుడు ఆ ఐసు లారీ ఆయన నవ్విన నవ్వు కూడా రాయి.

మూడో మాట. పెట్టె మూశాము.

గరుకు ప్లేట్లను బిగించే ముందు నూనెలో నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి తిప్పుడుకే మాడిపోతాయి. పెసలు నానబెట్టినట్టు రాత్రంతా గుండిగలో నానాయి. పొద్దున గోనెపట్టా మీద వరసగా పరిచాము. అప్పటికి పైవలస నుంచి ఆడవాళ్ళంతా దిగారు. ముందు గున్నమ్మ మొగుడు తవిటయ్య. మెట్ల పెద్ద అతనే.

కొత్త ఇనుము ఇంటికి వస్తే పసుపు రాసి బొట్టు పెట్టడం మాలో ఉన్నదే. గునపానికి పెడతాము, గిలకకు పెడతాము. కానీ ఈ ఇనుము మూత పడితే మళ్ళీ కంటికి కనబడదు. కాబట్టి ఇప్పుడే పెట్టాలన్నారు. లారీ మట్టి పోసే ప్రతి ఇంటి నుంచీ ఒక చెయ్యి పడాలన్నారు.

తవిటయ్య నా దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

"అప్పా, నువ్వోపాలి లోపలికెళ్ళి కూకో."

మొగుడు పోయినదాన్ని కదా. బొట్టు పెట్టే చోట ఉండకూడదు. లారీ నాది, వాకిలి నాది, గుండిగ నాది. అయినా ఆ పూట గొడవకి తీరిక లేదు. లోపలికి పోయి చోడి పిండి జల్లించాను. నేను వచ్చేసరికి పెట్టె మూసి బోల్టులు బిగించేశారు. గున్నమ్మ చేతులు మోచేతి దాకా పచ్చగా ఉన్నాయి.

నాలుగో మాట. ఎక్కలేదు.

కొత్త ప్లేట్లు వేస్తే సరిపోదు, మెదడుకు వాటిని అలవాటు చెయ్యాలి. రిజర్వాయరు అడుగున చదును నేల మీద లారీని ఖాళీగా తిప్పాను, మెల్లగా, ఆపి, మళ్ళీ మెల్లగా. కొత్త కోడలికి ఇల్లు చూపించినట్టు ఒక్కో గేరూ దానికి చూపించాను. మొదట ఉలిక్కిపడేది. సాయంత్రానికి కుదుటపడింది.

గేటు దగ్గరికి తోలితే పలక అరిచింది.

"అనుమతి లేని భాగాలు గుర్తించబడినవి."

"గుర్తించబడితే గుర్తించబడనీ," అంది గున్నమ్మ, "నీ కడుపులో ఉన్నాయని నీకిప్పుడా తెలిసింది?"

పారినాయుడు తప్పుపత్రం చదివి వినిపించాడు. నేరం పడినవాళ్ళు పరీక్ష అడగొచ్చని రూలుంది. అధికారి పక్కన కూర్చుంటాడు, మిగతా బళ్ళు ఆపేస్తారు, నిండు లోడుతో ఎక్కి చూపించాలి. ఎక్కితే ఆ సంగతి పెద్దల ముందుకు పోతుంది, ఎక్కకపోతే లారీ మిల్లుకు పోతుంది. నేను అడిగాను.

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపులో పెట్టె లోంచి దోమ కూసినట్టు ఒక కూత మొదలైంది. ఇంజను గింజుకుంటోంది, చక్రాలు మాత్రం తిరగడం లేదు. మూడో గేరు పట్టు జారిపోయింది. లారీ వెనక్కి నడిచింది.

గున్నమ్మ వెనక మట్టి మీద కూర్చుని ఉంది. నేను బ్రేకు మీద నిలబడేలోపే కిందికి దూకి వెనక చక్రానికి చెక్క అడ్డం వేసింది. లోయ అంచుకు ఇంకా జాగా ఉంది గానీ చెప్పుకోదగ్గంత కాదు. మట్టంతా అక్కడే దింపించి, ఖాళీ లారీని వెనక్కి దించుకున్నాము.

పారినాయుడు చొక్కా వెన్నుకు అంటుకుపోయింది. కిందికొచ్చాక నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె నారింజ రంగులో ఉంది. వాసన చూశాడు, మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఇది గేరాయిలా, పులిహోర పోపా?"

గున్నమ్మ తన చేతులు చీర కొంగులో దాచుకుంది.

ఐదో మాట. పసుపు.

అడుగు పళ్ళెం విప్పితే తెలిసింది. నూనె పీల్చే జల్లెడ నిండా పసుపు ముద్ద, చిమ్మిలిలా. జల్లెడ మూసుకుపోతే ఒత్తిడి ఎక్కడిది, ఒత్తిడి లేకపోతే ప్లేట్లకు పట్టు ఎక్కడిది.

"ఇంటికో బొట్టని గదే అనుకున్నారు?" అన్నాను.

"ప్లేటుకి ఇంటికో బొట్టు," అంది గున్నమ్మ. "పసుపు నానే కలిపినాను. నీల్లలో అయితే తుప్పడతాదని నువ్వుల నూనెలో కలిపినాను."

"ఎంత తెలివే నీది. తుడవలేకపోనావా?"

"ఎట్టిన బొట్టు సేత్తో తుడుస్తారేటి వొదినా? ముత్తైదువుని, నా సేతులు రావు."

అదీ జరిగింది. డిపోలో అన్నేళ్ళు పని చేసిన మనిషికి పసుపు నూనెలో కరగదని తెలియదా. తెలుసు. పెట్టిన బొట్టు తుడవకూడదన్నది అంతకన్నా ముందు తెలుసు. నేనక్కడ ఉండి ఉంటే తుడిచేదాన్ని. నాకు ఆ పట్టింపు ఎప్పుడో తీరిపోయింది. నన్ను లోపలికి పంపిన తవిటయ్యతో ఈ మాట అన్నాను. అతను దేనికో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయాడు.

పారినాయుడు చెప్పింది కూడా రాయి. ఇంకొక్క పరీక్షకు రూలు ఒప్పుకుంటుంది, మృగశిర ప్రవేశించే లోపు. ఆ తర్వాత లేదు.

ఆరో మాట. కడిగాము.

ప్లేటు ప్లేటునూ కిరసనాయిలుతో కడిగాము. వాల్వుల దారులు సన్నం, పిచ్చుక ఈకతో గెలికి తీశాము. కొత్త నూనె దొరకదు. పాత నూనెను ఇత్తడి బిందెల్లో కదపకుండా ఉంచితే పసుపు అడుగుకు దిగింది. పైతేట తీసి, పైవలస గానుగవాళ్ళు నువ్వుల నూనె వడకట్టే మందపు గుడ్డలో మళ్ళీ మళ్ళీ వడకట్టాము. ఎర్రబడింది. వాసన మాత్రం పోలేదు. లారీ నడుస్తుంటే ఆకలి వేస్తుంది.

మూసే పూట జనం మళ్ళీ వచ్చారు, పళ్ళేలతో. ఈసారి నేను గోనెపట్టా మధ్యలో కాళ్ళు చాపి కూర్చున్నాను.

తవిటయ్య అన్నాడు. "ఓపాలి దెబ్బ తిన్నాం, ఒప్పుకుంతాను. ప్లేట్లకొద్దు. పైన డ్రమ్ముకి ఒక్క బొట్టు. సిటికెడు."

"సిటికెడూ నేదు."

"బొట్టు నేకుండా మూసిన ఇనుము మీద మా మన్ను ఎయ్యం అప్పా. మలుపులో లారీ ఎనక్కి నడిసినప్పుడు ఊరంతా సూసినాది. జనం బయపడతన్నారు. నాను సెప్పినా ఎత్తరు."

మన్ను ఎత్తకపోతే పరీక్షే లేదు. నిండు లోడు ఉండాలి. వాళ్ళ వైపు చూశాను. ఎవరి మెట్లకు మట్టి కావాలో వాళ్ళే పారలు కింద పెట్టేసి నిలబడ్డారు.

"తవిటయ్యా, నా మొకం సూడు."

చూడలేదు.

"సూడమంతన్నాను. మీ బావ పోనాక దీని మీద బొట్టుందేటి?"

"నేదు."

"ఆ మీదటి నుంచి మీ మెట్ల మీద మన్ను ఎవలు పోసినారు?"

అతను భుజం మీది తుండు సర్దుకున్నాడు.

"బొట్టు నేని మనిసి తోలిన లారీలో మన్ను కావాల. ఆ మన్నులో పండిన చోళ్ళు కావాల. అప్పుడు నన్ను లోపల కూకోమని ఎవలూ అన్నేదు. ఇనుముకి మాత్రం బొట్టు నేకపోతే పని సెయ్యదా? నాను సెయ్యనేదా?"

వెనక నుంచి ఎవరో ముసలావిడ గొణిగింది, మనిషీ ఇనుమూ ఒకటేనా అని. గున్నమ్మ అటు తిరిగింది.

"ముందుపాలి జల్లెడ మూసింది నా సెయ్యే పిన్నీ. మా వొదిన పానం, ఆ నాయుడుబాబు పానం నా పసుపు ముద్దలో ఉండిపోనాయి. మళ్ళీ ఎట్టమన్నావంటే ఆ పళ్ళెం నీ నెత్తిన బోర్లిస్తాను."

ఒకరిద్దరు నవ్వారు. నవ్వితే సగం పని అయినట్టే. తవిటయ్య మాత్రం నవ్వలేదు. నావైపు చూడకుండానే పార తీసుకుని లారీ దగ్గరికి నడిచాడు. మట్టిలో మొదటి పార అతనిదే. తర్వాత మిగతావి.

నా చేత్తో నేనే మూత పెట్టాను. నా చేత్తోనే బోల్టులు బిగించాను. చేతికి ఏమీ రాసుకోలేదు.

ఏడో మాట. మృగశిరకు ముందు రోజు. ఎక్కడం.

పారినాయుడు నా పక్కన కూర్చున్నాడు. ఆయన మోకాలి దగ్గర ఎర్రటి పిడి ఉంటుంది. పలక ఆగమంటే అధికారి దాన్ని లాగాలి, లాగితే లారీ అక్కడికక్కడ కదలకుండా బిగుసుకుపోతుంది. అది ఆయన ఉద్యోగం.

మొదటి మలుపు. రెండో మలుపు. కూత లేదు. మూడో మలుపులో గేరు పడింది. పడినట్టు ఒంటికి తెలియలేదు, పెనం మీద అట్టు తిరగేసినంత మెత్తగా పడింది. అన్నేళ్ళలో ఆ మలుపు నేను ఆగకుండా దాటడం అదే మొదలు. అలాగే పైకి పోతున్నాము. ఐదో మలుపు మధ్యలో పలక నోరు తెరిచింది.

"నూనె వేడిమి ఊహించినదాని కంటే తక్కువగా ఉన్నది. వాహనాన్ని ఆపవలసినదిగా సూచన."

పారినాయుడు చెయ్యి పిడి మీదికి పోయింది.

"నాయుడుబాబూ, సెయ్యి తియ్యి."

"పలక ఆగమంతంది అమ్మా."

"ఎందుకాగమంతంది? ఏడిగుందనా? సల్లగుందని. కొత్త రేడియేటరు సల్లబరిస్తంటే దానికి రోగంలాగ కనబడతంది."

"అదేదైనా అవనీ. పలక అన్నాక నాను లాగాల."

"మలుపులో ఆగకూడదని మీ రూలు. మలుపులో ఆగమని మీ పలక. నిండు లోడుంది, కింద లోయుంది. రెండిట్లో ఏది ఇనమంతావో నువ్వే సెప్పు. బేగి సెప్పు."

నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. కాలు తియ్యలేదు. ఇంజను అరుస్తోంది, పలక మళ్ళీ అదే మాట చెబుతోంది, పులిహోర వాసన వస్తోంది. ఆయన చెయ్యి పిడి మీద ఎంతసేపుందో నాకు తెలియదు. ఇప్పుడు లాగుతాడు, ఇప్పుడు లాగుతాడు అనుకుంటూనే స్టీరింగు తిప్పి మలుపు దాటించాను. దాటాక చూస్తే ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

పైవలస చేరాము. ఎక్కడా ఆగలేదు. మట్టి పోయగానే మెట్టు మీద ధూళి లేచింది. తవిటయ్య గొంతుక్కూర్చుని ఆ మన్ను రెండు చేతులా చదును చేశాడు. ఒక చెంబుడు మజ్జిగ తెచ్చి, ఎవరి చేతో పంపకుండా, తన చేత్తో నా చేతికి ఇచ్చాడు.

ఎనిమిదో మాట. ఇవాళ. మబ్బు పట్టింది.

పెద్దలారా, నా కేసు ఇంతే. మిగిలింది చెబుతున్నాను.

నిన్న దిగి రాగానే పారినాయుడు ఎక్కిన సంగతి ఎక్కినట్టే మీకు పంపాడు. తీర్పు వచ్చేదాకా మా లారీ ఘాట్ ఎక్కకూడదట. తీర్పు ఎప్పుడని అడిగాను. పెద్దలు అమావాస్యకు కూర్చుంటారన్నాడు. ఆకాశం చూపించాను. ఆయనా చూశాడు.

ఎక్కకూడదన్నారు గానీ లోడు ఎత్తుకోకూడదని ఎవరూ అనలేదు. రిజర్వాయరుకు పోయి నిండా ఎత్తుకుని వచ్చాను. తెల్లారి నుంచి గేటు ముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాను. గున్నమ్మ వెనక మట్టి మీద గొడుగు వేసుకుని కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరికీ గేరు పెట్టె గురించి చెబుతోంది. ఇంకా నిండని మెట్లు పైన ఉన్నాయి. తవిటయ్య మెట్టు కూడా వాటిలో ఒకటి, తన వంతు అతను ఆఖరికి పెట్టుకున్నాడు.

నేను ఇంట్లో విప్పాను. మళ్ళీ పాడైతే మళ్ళీ ఇంట్లోనే విప్పుతాను. ఇంటి పెట్టె ఘాట్‌కు ప్రమాదమని మీ రూలు అంటుంది. ఒకసారి ప్రమాదమే అయింది, దాచలేదు, ఎందుకైందో చెప్పాను. దాన్ని కడిగాము. డిపోలో వరస కట్టే తీరిక ఉన్నవాళ్ళకు ఆ రూలు ఉంచుకోండి. నాకు శిక్ష వేస్తే వెయ్యండి, లారీని మాత్రం వానలు అయ్యాక అడగండి.

చినుకు పడింది. అద్దం మీద ఒకటి, రెండు.

పారినాయుడు గదిలోంచి బయటికి వచ్చాడు. నా వైపు రాలేదు. గేటుకు వీపు పెట్టి, కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

గేటు కర్ర లేస్తోంది. ఎవరు ఎత్తారో నేను చూడలేదు. చూడలేదనే రాయి.

ఈ రాతపెట్టెను వేలితో నొక్కి పట్టుకుంటేనే వింటుంది. ఇక వదిలేస్తున్నాను. మలుపులకు రెండు చేతులూ కావాలి.